అంచుకు అతకని పెట్టె

నారాయణఖేడ్,
మంగళవారం.

తమ్ముడు ప్రతాప్‌కు అక్క సుమిత్ర దీవెనలు. ఇక్కడ అమ్మ, నేను, పిల్లలు బాగానే ఉన్నాము. పుణెలో నువ్వూ రజితా అలాగే ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. దవాఖానలో ఇచ్చిన మాత్రలు మింగుతోంది కానీ, కింద కూర్చోవద్దంటే మాత్రం వినదు. కంది పూత బాగానే పట్టింది.

ఇదంతా ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు. "ఒకసారి బంద్ చేసి ఆన్ చెయ్ అక్కా" అంటావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు తయారుచేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్ నా ఫ్లెక్సీల దుకాణంలో బాగా పనిచేస్తోందని నాలుగు ముక్కలు రాసిమ్మన్నావు. మీ సారుకు చూపించి, నెలాఖరుకు బజారులో పెడతామన్నావు. ఆ ముక్కలు నేను రాయను. దాన్ని చూస్తేనే రోత పుడుతోంది.

తెర మీద అక్షరాలు, రంగులు ఎంచుకునే ఆ పెట్టెను మౌస్‌తో పట్టి, కుడి అంచుకు లాగి వదిలితే అక్కడ అతుక్కోవాలి. నువ్వు నేర్పిందే. పొద్దున అతుక్కుంటుంది. మధ్యాహ్నం అదే చోట వదిలితే అడుగుకు పోయి అడ్డంగా పరుచుకుంటుంది. ఒక్కోసారి ఇంకో పెట్టె వెనక దూరుతుంది, లేదంటే ఎక్కడా నిలవకుండా బొమ్మ నడుమ తేలుతుంది. మన బర్రె కూడా రోజూ ఒకే గుంజ దగ్గరికి పోయి నిలబడుతుంది. "అలవాటైతే సర్దుకుంటుంది" అని పోయిన ఉత్తరంలో రాశావు. కాకిపిల్ల కాకికి ముద్దు.

పోయిన నెల సిర్గాపూర్ సంగయ్య పోయాడు. దినాలకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలని కొడుకు దశరథ్ వచ్చి, పేర్లన్నీ కాగితం మీద రాసిచ్చాడు. మన దిక్కు ఆ ఫ్లెక్సీ మీద పేరు లేకపోతే ఇంట్లో మనిషి కానట్టే, నీకు తెలుసు. అన్నీ టైపు చేశాను. పెట్టెను అంచుకు లాగుతుంటే అది మధ్యలో జారిపోయి, కింద ఉన్న సంగయ్య పెద్దబిడ్డ హన్మమ్మ పేరు మౌస్‌కు చిక్కింది. పేరు ఫ్లెక్సీ హద్దు దాటి పోయింది. పెట్టె ఆ ఖాళీ మీదే తేలుతుండడంతో నాకు కనబడలేదు. అచ్చుకు పంపేశాను.

హన్మమ్మ అత్తగారి ఊరు నాగల్‌గిద్ద నుంచి వచ్చి ఇంటి ముందు ఫ్లెక్సీ చూసిందట. ఆమె తండ్రి భూమిలో తన పాలు అడిగి ఏడాది కాలేదు. "నాయిన పోంగనే నన్ను తీసేసిండ్రు" అని, అన్నం ముట్టకుండానే వెళ్లిపోయిందట.

మర్నాడు దశరథ్ దుకాణానికి వచ్చాడు. "మా అక్క పేరేదమ్మా?" అన్నాడు. ఇప్పుడు చెప్పేది అమ్మకు కూడా తెలియదు. "నువ్వు రాసియ్యలే అన్నా" అన్నాను. కాగితం నా సొరుగులోనే ఉంది. పారేశామని చెప్పాను. దుకాణం పేరు పోతుందని భయపడ్డాను, నీ పని చెడుతుందని కూడా భయపడ్డాను. అతను తల పట్టుకున్నాడు. "రాసిననే అనుకున్న. మర్చిపోయిననేమో" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నా మీద నాకే అసహ్యం. నీకు ఫోన్లో "మంచిగున్నది" అన్నదీ అబద్ధమే. ఆదివారం నీ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోంచి తీసేశాను. ఎన్నిసార్లు లాగినా ఒకేలా అతుక్కునే దాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకు. మీ సారుకు నా పేరుతోనే ఈ మాట చెప్పు.

నిన్న కాగితం పట్టుకుని నాగల్‌గిద్ద పోయాను. బిడ్డల వరుసలో ఆమె పేరే ముందుంది. హన్మమ్మ రెండుసార్లు చదివింది.

"గిది మా దశరథ్ రాసిందేనా?"

"ఆయనే రాసిండు. తప్పు నాది. అబద్ధం గూడ నాదే" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మొన్న వచ్చిండు. మర్చిపోయిన, మాఫ్ జెయ్ అక్కా అని కాళ్లు పట్టుకున్నడు" అంది. "చెయ్యని తప్పుకు. నేను తలుపేసుకున్న."

కాగితం మడిచి కొంగున ముడివేసుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సిర్గాపూర్ బస్సు కోసం బస్టాండు వైపు నడిచింది. నన్ను రమ్మనలేదు.

ఇట్లు,
నీ అక్క
సుమిత్ర