కొట్టి విన్నాను

పూజ్యురాలైన అక్కకు నమస్కరించి తమ్ముడు రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. మేం క్షేమమే. మా రోడ్డు మీద ఒకాయన పోయాడు.

ఆమధ్య ఒక మంగళవారం పట్టపగలు, ఆకు కదిలే గాలి కూడా లేదు, బస్టాపు దగ్గరున్న నలభై ఒకటో నంబరు చెట్టు నిలువునా కూలింది. దాని కింద పెట్టె వేసుకుని కూర్చుని తాళాలు బాగుచేసే ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. పాతికేళ్ళుగా అక్కడే కూర్చునేవాడు. కూలాక చూస్తే మాను లోపలంతా డొల్ల, మనిషి దూరి నిలబడొచ్చు. బయటికి మాత్రం పచ్చగా కళకళలాడుతూ ఉండేది.

నా ఉద్యోగం నీకు తెలుసుగా. ఏడాదికోసారి ప్రతి చెట్టునూ కొయ్య సుత్తితో కొట్టి, చెవి ఆనించి వినాలి. గట్టి మాను ఒకలా పలుకుతుంది, డొల్ల మాను ఇంకోలా. ఎనిమిది నెలల కిందట చెట్ల రిజిస్టరులో నలభై ఒకటికి ఎదురుగా నా చేత్తో నేనే రాశాను: "కొట్టి విన్నాను. గట్టిగా ఉంది." కింద సంతకం. అంత అందంగా సంతకం నా పెళ్ళి రోజున కూడా పెట్టలేదు.

ఆయన భార్య మా మునిసిపల్ ఆఫీసు మీద కేసు వేసింది. నన్ను సాక్ష్యానికి పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళు వకీలుగారి దగ్గర టైపు కొట్టినదానివి, చట్టం ఏమంటుందో చెప్పు. నలుగురిలో తలెత్తుకుని తిరగలేకపోతున్నాను.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క. ఫోన్ చెయ్యకు. పాడైంది.

---

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఉత్తరం చేరింది. మీ బావకి చదివి వినిపిస్తే "పాపం" అన్నాడు. ఆయన దేనికైనా అంతే అంటాడు.

నల్లకోటు వకీలుగారిదే గానీ ఆయన వాదించిందంతా ముందు నా వేళ్ళ మీంచి పోయిందే. కాబట్టి విను. రోడ్డు పక్క చెట్టు మీ ఆఫీసుదే. అయితే చెట్టు పడినంత మాత్రాన ఆఫీసు తప్పయిపోదు. పడుతుందని వాళ్ళకు ముందే తెలుసా, తెలుసుకోవడానికి చెయ్యాల్సింది చేశారా, కోర్టు అడిగేది ఇదే. చూడకుండా వదిలేస్తే పరిహారం కట్టాలి. సరిగ్గా చూసినా తెలియలేదంటే ఎవరి తప్పూ కాదు, ఆవిడకి చిల్లిగవ్వ రాదు. అంటే మీ ఆఫీసు మొత్తం నువ్వు రాసిన ఆ రెండు ముక్కల చాటున నిలబడి ఉందన్నమాట. "కొట్టాను, విన్నాను" అని చెప్పి వచ్చి కూర్చో. రిటైరవడానికి ఏడాది ఉంది, ఇప్పుడు పిచ్చివేషాలు వెయ్యకు.

ఇంతకీ నిజంగా కొట్టావా, స్కూటరు దిగకుండానే సంతకం పెట్టావా? చిన్నప్పుడు స్నానం ఎగ్గొట్టి, తల మాత్రం తడుపుకుని వచ్చేవాడివి. అందుకని అడుగుతున్నాను.

ఆశీస్సులతో
అక్క

తా.క. ఫోన్ పాడైందా? నిన్న మరదలు అదే ఫోన్లో నాతో అరగంట మాట్లాడింది. "ఇరవై ఏళ్ళ తర్వాత మీ తమ్ముడు మళ్ళీ నా మొహం కేసి చూస్తున్నారు వదినా! నేను మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు తిప్పరు, ఏం చెప్పినా తలూపుతారు" అని మురిసిపోయింది. ఏం తప్పు చేశావురా?

---

అక్కకు నమస్కారాలు.

కొట్టానక్కా, ఒట్టు. స్కూటరు దిగి, నాలుగు వైపులా కొట్టి, చెవి ఆనించి నిలబడ్డాను. అందులో అబద్ధం లేదు.

ఆ వీధి మొహం చూడలేక కొన్నాళ్ళు సందులోంచి తిరిగి ఆఫీసుకి వెళ్ళాను. సందు చివర మళ్ళీ ఆ వీధే వస్తుంది, అది వేరే సంగతి. ఒకరోజు చూద్దును కదా, ఆయన భార్య అక్కడే కూర్చుని ఉంది. చెట్టు నరికేయగా మిగిలిన లావు కొమ్మ మొద్దుని బల్లలా చేసుకుని, ఆయన ఆకురాయితో తాళంచెవి అరగదీస్తోంది. వెళ్ళి కాళ్ళ మీద పడదామనుకున్నాను. దగ్గరికెళ్ళేసరికి ధైర్యం చాలక, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి "దీనికింకోటి చెయ్యమ్మా" అన్నాను. మర్నాడు మళ్ళీ చెబుదామని వెళ్ళాను. మళ్ళీ ఇంకోటి చేయించాను.

ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. "మీరు రాసిపెట్టారు కాబట్టి బతికిపోయాం" అని భుజం తడుతున్నారు. తట్టిన చోటల్లా కాలుతోంది.

ఇట్లు
సిగ్గుతో, నీ తమ్ముడు

తా.క. ఇప్పటికి తొమ్మిది తాళంచెవులయ్యాయి. మా ఇంటికి ఉన్నది ఒక్కటే తాళం. నీ మరదలు అనుమానంగా చూస్తోంది.

---

తమ్ముడికి,

చిరంజీవి అనడానికి చెయ్యి రాలేదు.

మరదలు ఫోన్లో ఏడ్చింది. ఒక్క ఇంటికి తొమ్మిది తాళంచెవులేమిట్రా? ఎవరెవరికి పంచుతున్నావు? రోజూ ఆవిడ దగ్గరికి వెళ్తున్నావట, జేబు రుమాలు ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్తున్నావట. మొన్నటిదాకా మొగుడు కళ్ళలోకి చూస్తున్నాడని మురిసిన పిల్ల, ఇప్పుడు అదంతా తప్పు కప్పిపుచ్చుకోవడానికే అంటోంది. నాకూ అలాగే అనిపిస్తోంది. యాభై ఏడేళ్ళొచ్చాయి, బుద్ధి ఉందా? మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి!

అది కాదంటావా, అయితే లంచం. ఎవరో డబ్బిచ్చి "గట్టిగా ఉంది" అని రాయించారా? ఏదో ఒకటి ఒప్పుకో.

పైగా నువ్వు సాక్షివి. అవతలి పక్షం మనిషితో రోజూ మాట్లాడే సాక్షిని మా వకీలుగారైతే బోనులో నిలబెట్టి తోలు తీసేవాడు. ఫోన్ చేస్తే మోగుతోంది, నువ్వు ఎత్తవు. నాతో మాట్లాడటానికి మొహం చెల్లడం లేదు కదూ?

అక్క

తా.క. "ఏమైందో వాణ్ణే నేరుగా అడగరాదూ" అన్నాడు మీ బావ. ఈ ఇంట్లో ఆయన మాట ఎవరు వింటారు?

---

అక్కకు,

ఆడమనిషీ లేదు, లంచమూ లేదు. నీ మరదలితో చెప్పు, తాళంచెవులన్నీ బీరువాలోనే ఉన్నాయి, లెక్క పెట్టుకోమను. పన్నెండు.

ఒక్క సంగతి అడుగుతాను, కోప్పడకుండా జవాబు రాయి. నేను ఆఫీసుకి ఆ చెట్టు పక్కనించి వెళ్ళినప్పుడల్లా తాళాలాయన పని ఆపి లేచేవాడు. మాను మీద చెయ్యి వేసి ఏదో చెప్పేవాడు. గుబురు మీసం, నోరు కనపడేది కాదు. నేను నవ్వి, తలూపి, నా దారిన వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, చెట్టు మీద చెయ్యి వేసి మనిషి ఇంకేం చెబుతాడు?

ఒక మనిషి ముందే చెబితే, ఆఫీసు ఉద్యోగి తలూపితే, చట్టం ఏమంటుంది?

నీ తమ్ముడు

తా.క. సోమవారం సాక్ష్యం. మీరు రావద్దు.

---

ఒరే తమ్ముడూ,

ఆయన చెప్పాడూ, నువ్వు తలూపావూ అంటే ఆఫీసుకి ముందే తెలిసినట్టే. కేసు అక్కడితో తీరిపోతుంది, పరిహారం కట్టాల్సిందే. నీ ఉద్యోగానికి మాత్రం నీళ్ళొదులుకోవాలి.

మీరిద్దరూ మాట్లాడుకుంటుండగా ఎవరైనా చూశారా? చూడకపోతే నోరు విప్పకు. అడిగితే "గుర్తు లేదు" అను. ఇలాంటి సలహాలు ముప్ఫై ఏళ్ళు వకీలుగారి కోసం టైపు కొట్టాను, ఎప్పుడూ చెయ్యి వణకలేదు. ఇది చేత్తో రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆవిడ ఆ మొద్దు ముందు కూర్చుని ఉండటం కళ్ళకు కడుతోంది. ఏం చెయ్యను, నువ్వు నా తమ్ముడివి.

అక్క

తా.క. చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్.

ఇంకో తా.క. కాల్చకు. వెనకవైపు మీ బావ మందుల చీటీ ఉంది, తిరుగు టపాలో పంపు.

---

అక్కకు నమస్కారాలు. బావ చీటీ జతచేశాను.

సోమవారం బోనెక్కాను. నువ్వు చెప్పినట్టే "గుర్తు లేదు" అని పొద్దుట్నుంచి వల్లె వేసుకున్నాను. మొదటి నాలుగు ప్రశ్నలకి బాగానే చెప్పాను. ఐదో ప్రశ్న అడుగుతూ ఆవిడ వకీలు అటు తిరిగి కిటికీ దగ్గరికి నడిచాడు. ఆయన వీపు కనిపించింది. నేను అలవాటుగా నవ్వి తలూపాను.

హాల్లో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. మా ఆఫీసు వకీలు ఎగిరి లేచాడు. "సాక్షికి ప్రశ్న వినపడలేదు, మళ్ళీ అడగాలి" అంటున్నాడని ఆయన పెదాల మీద చదివాను. జడ్జిగారు సైగ చేస్తే టైపిస్టు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నీలాగే కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుంది. కాగితం మీద ఇలా ఉంది: "మీరు ఆ చెట్టును సరిగ్గా పరీక్షించలేదు, అవునా?"

చూశావా అక్కా, నా అవస్థ! వినే తలూపానంటే తప్పు ఒప్పుకున్నట్టు. వినపడలేదంటే, ఎదురుగా మనిషి అడిగితే వినపడనివాడికి మానులో చప్పుడు ఏం వినపడుతుంది? మా వకీలు నన్ను కాపాడబోయి నిలువునా ముంచాడు. ఆయనకి ఇంకా తెలియదు పాపం, దర్జాగా కూర్చున్నాడు.

"అయ్యా, నాకు వినపడలేదు" అన్నాను. "రెండేళ్ళుగా వినపడటం లేదు. ఆ చెట్టు కూడా వినపడలేదు. కొట్టాను, అది నిజం. వినలేదు. చెవిటివాడని తెలిస్తే ఉద్యోగం పోతుందని విన్నానని రాశాను. ఆయన చెట్టు గురించి ఏదో చెప్పేవాడు. వినకుండా తలూపాను."

ఫోన్ పాడవలేదక్కా. పాడైనవి నా చెవులు. నీకు చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఉద్యోగం ఆపేశారు, పింఛను సంగతి తేలాలి. ఆవిడకి పరిహారం వస్తుందంటున్నారు. నీ మరదలు, ఇన్నాళ్ళూ తన మొహం కేసి చూసింది పెదాలు చదవడానికని తెలిశాక, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదని కాగితం మీద రాసి చూపించింది.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క. చెవికి మిషను పెట్టించుకున్నాను. పెట్టుకుని వెళ్ళి నలభై రెండో నంబరు చెట్టుని కొట్టాను. డొల్ల. రిజిస్టరులో రెండేళ్ళుగా "గట్టిగా ఉంది" అని నా సంతకమే. కింద కూర్చున్న వాళ్ళందరినీ లేపి పంపించాను, పిచ్చివాణ్ణనుకున్నారు. ఆఫీసుకి రాసిస్తే, నిన్న మనుషులొచ్చి కొట్టేశారు.

ఇంకో తా.క. ఇది ఉత్తరంలో రాయలేకపోయాను. ఆ సోమవారం కోర్టు వరండాలో ఆవిడ నా దగ్గరికొచ్చి ఏదో అంది. నా తల దానంతటదే ఊగబోయింది. పట్టి ఆపుకుని "అమ్మా, వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాను. ఆవిడ నా ఎడమ చెవి దగ్గరికొచ్చి, వరండా అంతా వినేట్టు గట్టిగా చెప్పింది. "మానులోంచి చప్పుడొస్తోందని మా ఆయన మీకు చెప్పేవాడండీ. ఇంకో చోట కూర్చోవయ్యా అని నేను పోరుతుంటే, ఆఫీసాయన విని తలూపాడు, ఇవాళో రేపో కొట్టించేస్తాడులే అని అక్కడే కూర్చున్నాడండీ."

నేను తలూపలేదక్కా.