తలెత్తి కట్టిన పళ్లు

జూన్ 3

తలనొప్పి. పదకొండో రోజు. మెడ వెనక మొదలై, చెవుల మీదుగా వచ్చి నుదుటి దగ్గర బిగుసుకుంటుంది.

రేడియో మాస్టారి పై పళ్ల సెట్టు వెనక్కి వచ్చింది. ముప్పై ఏళ్లు వార్తలు చదివిన గొంతు ఆయనది. నేను చేసిన పళ్లు పెట్టుకుని ‘సంతోషం’ అంటే ఈల వస్తోందట. పళ్లు అమర్చేటప్పుడు తలనొప్పికి నా కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం. ముందుపన్ను వెంట్రుకవాసి జరిగింది. పన్నెండేళ్లుగా ఈ ల్యాబ్‌లో కట్టుడుపళ్లు చేస్తున్నాను. పోయిన నెల దాకా ఒక్క సెట్టూ వెనక్కి రాలేదు. ఇది మూడోది.

ఓనర్ సారు కోప్పడలేదు. ఇంకోటి వెనక్కొస్తే నిన్ను ప్లాస్టర్ కలిపే పనిలో పెడతానమ్మా, ఏమనుకోకు అన్నారు. కోప్పడినా బాగుండేది.

జూన్ 5

కళ్ల డాక్టర్ కళ్లు బాగున్నాయన్నాడు. పెద్ద డాక్టరమ్మ బీపీ దగ్గర్నుంచీ అన్నీ చూసి, తలలో ఏమీ లేదంది. మా ఆయన పెళ్లైనప్పటి నుంచి అదే అంటున్నాడు.

నొప్పి పుట్టేది మెడలో, భుజాల్లోనట. అక్కడి కండరాలు బిగుసుకుని తలకెక్కుతోందట. రోజుకి ఎన్ని గంటలు తల వంచుకుని పని చేస్తావని అడిగింది. తొమ్మిది అన్నాను. పెన్ను కింద పెట్టేసింది. కూర్చునే తీరు మార్చు, పని తెలిసినవాళ్లతో మెడా భుజాలూ మసాజ్ చేయించుకో అంది.

పని తెలిసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. చిక్కంతా అదే.

జూన్ 6

అత్తయ్య ఇరవై రెండేళ్లు ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టల్లో మసాజ్ చేసింది. పరుగు పందేలకు ముందు పిల్లలు ఆమె చేతుల కోసం లైన్లో నిలబడేవారట. పెళ్లైన కొత్తలో ఫ్రెండ్ ఫోన్ చేసి, మీ అత్తగారు ఏం చేసేవారే అని అడిగింది. ఏముంది, ఒళ్లు పిసికే పని అని నవ్వాను. వెనక్కి తిరిగితే ఉతికిన బట్టలతో ఆమె.

తొమ్మిదేళ్లయింది. ఒక్కనాడూ దెబ్బలాడలేదు. అన్నం తిన్నావా, గ్యాస్ అయిపోయింది. అంతవరకే మాటలు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగను?

జూన్ 8

ఆమె గది తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. రెండుసార్లు.

జూన్ 9, ఉదయం 7

సింక్ పట్టుకుని నిలబడ్డాను. కళ్లు తెరవలేకపోతున్నాను. వెనకాల స్టూలు లాగిన చప్పుడు. కూర్చో, మా వాడు చెప్పాడులే అంది అత్తయ్య.

ముందు భుజాలు పట్టింది. తర్వాత తలా మెడా కలిసే చోట బొటనవేళ్లు ఆనించి నెమ్మదిగా వెతికింది. బఠాణీ గింజంత ముడి దొరికింది. ఇదుగో దొంగ, ఇక్కడ నక్కాడు అంది. నొక్కి పట్టి, ఊపిరి వదలమంది. వదిలాను. మళ్లీ వదలమంది. కుడికంటి వెనక ఉన్న నొప్పి మెట్టు మెట్టుగా దిగిపోయింది.

ఏడ్చాను. నొప్పెట్టిందా అని అడిగింది. ఆ రోజు నేనన్న మాట తప్పు అత్తయ్యా అన్నాను. ఆమె నా తల సర్ది పట్టుకుంది. తల కదిలించకే అంది.

‘కదిలించకే’. తొమ్మిదేళ్లలో నా మీద ఆ ‘ఏ’ పడటం ఇదే మొదలు. ఎంత హాయిగా ఉందో.

జూన్ 12

అత్తయ్య ల్యాబ్‌కి వచ్చింది. నన్ను ఐదు నిమిషాలు చూసి, చేప కోసం కాచుకున్న కొంగైనా మధ్యలో తలెత్తుతుందే అంది. నా బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టించింది. భూతద్దం స్టాండు పైకి లేపింది. నడుం వెనక మడత పెట్టిన తువ్వాలు, పాదాలు నేలకి. పని కంటి దగ్గరికి రావాలి గానీ కన్ను పని దగ్గరికి పోకూడదు అంది. అరగంటకోసారి లేచి భుజాలు వెనక్కి తిప్పాలట.

సారు అడ్డొచ్చారు, ఏంటమ్మా ఈ హడావుడి అని. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికిస్తారు కదూ, ఎడమ భుజం ఎత్తుగా ఉంది అంది అత్తయ్య. ఆయన భుజం సర్దుకుంటూ వెళ్లిపోయారు. గంట తర్వాత చూస్తే ఆయన బల్ల కింద కూడా చెక్కలు.

జూన్ 16

తలనొప్పి మళ్లీ వచ్చింది. కానీ గంటసేపే. మధ్యాహ్నం వంగి కూర్చున్నావు కదూ అంది అత్తయ్య. అవును, కూర్చున్నాను. పిసకడం నా వంతు, నిటారుగా కూర్చోవడం నీ వంతు అంది. ‘పిసకడం’ అన్న మాట కావాలనే వాడింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

జూన్ 19

మాస్టారి సెట్టు మళ్లీ నాకే ఇవ్వమని సారుని అడిగాను. ఇరవై ఎనిమిదిన పాత రేడియో ఉద్యోగుల సభ ఉంది. చనిపోయిన సహచరుల పేర్లు మాస్టారే చదవాలి. వాళ్ల పేర్లలో ఈల రాకూడదమ్మా అన్నారాయన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మైనం మీద పళ్లు అమర్చి, పళ్ల డాక్టర్ గదిలో ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. శనివారం సాయంత్రం అనండి అన్నాను. ఇరవైసార్లు అనిపించాను. పన్ను అరమిల్లీమీటరు లోపలికి. మళ్లీ. ఇంకాస్త. నాలుగు గంటలైనా నా మెడ నోరెత్తలేదు.

జూన్ 24

గెలిచాను.

మాస్టారు సెట్టు పెట్టుకుని, బల్ల మీది పేపరు తీసి వాతావరణం వార్త చదివారు. నైరుతి దిశ నుంచి బలమైన గాలులు, సాయంత్రం అక్కడక్కడ వర్షాలు. శ, ష, స మూడూ వేటికవి విడివిడిగా, కడిగి బోర్లించిన గ్లాసుల్లా ఉన్నాయి. పక్క గదిలో గ్రైండర్లు ఆగిపోయాయి. సారు లేచి నిలబడ్డారు. మాస్టారు ఆపితేగా, స్పోర్ట్స్ పేజీ కూడా చదివేశారు.

ప్లాస్టర్ కలపడానికి ఇంకెవర్నైనా చూసుకోండి సారూ అన్నాను. నేనేనా అన్నది?

జూన్ 28

పందొమ్మిది పేర్లు. నిండు హాలు. చివరి వరస దాకా ప్రతి అక్షరం వినిపించింది. అత్తయ్య అటూ ఇటూ చూసి, ఆ పళ్లు మా కోడలు చేసినవే అని పక్కావిడకి చెప్పింది. తర్వాత ముందు వరసకి కూడా చెప్పింది.

జూన్ 29, మధ్యాహ్నం 3

అత్తయ్య బొటనవేళ్లు వాచి ఉన్నాయి. ఇన్నాళ్లూ చూడలేదు. ఎలా పట్టాలో నేర్పమన్నాను. అరచేతి మధ్య నుంచి వేళ్ల చివరికి, తొందరపడకు అంటూ చెబుతూ చెబుతూనే నిద్రపోయింది, నా ఎడమచెయ్యి వదలకుండా. ఒంటిచేత్తో రాస్తున్నాను. కాగితం జరిగిపోతోంది. పోనీ.