ముక్కుపాటల కాసెట్

తమ్మీ రాజం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఖతర్‌లో మన దుఖాన్ క్యాంపులో ఇప్పటికీ అన్నంలో ఇసుకే వస్తోంది.

ఫ్రాన్స్ ఇంజనీరును బతిమాలి ఆయన కాసెట్ తెచ్చి, రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, నువ్వు ఎక్కించుకున్న ఫ్రెంచి సినిమా పాటల కాసెట్ ఉంది చూడు. నీ మంచంలోకి కొత్తగా వచ్చిన సైదులు దాన్ని పాడుచేశాడు. ఉత్తరం రాయడం చేతగాక, పెళ్లానికి చెప్పాల్సిన ముచ్చటంతా ఆ పాటల మీదే మాట్లాడి ఎక్కించాడు. పంపకముందే గుంజుకున్నాను.

"అర్థంగాని పాటలే గద కాకా, ఎవలింటరు?" అన్నాడు.

వాడి మొహం చూస్తే అసహ్యం వేసింది. చచ్చినవాడి వస్తువు ముట్టే ముందు ఒక మాట అడగాలన్న ఇంగితం లేదు.

ఆ పాటలంటే నాకూ రోతే. జలుబు చేసిన ఆడమనిషి ముక్కుతో మూలిగినట్టు ఉంటాయి. అయినా చివరి పాట ఒక్కటి మిగిలింది. అది ఎక్కేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడొద్దని నువ్వు చెప్పినా నేను వినలేదు. పాట ముగిసే చోట నా గొంతు ఉంది.

"ఆపురా ఆ ముక్కుపాట."

వెంటనే నీది.

"మల్లన్నా, జర నోర్మూసుకో. నీ తిట్టు గూడ ఎక్కుతున్నది."

తర్వాత నీ నవ్వు.

ఇంకెవడూ దాని మీద మాట్లాడకుండా కాసెట్ వెనక ప్లాస్టిక్ పలుకులు రెండూ విరగ్గొట్టాను; అవి లేకుంటే దాని మీద కొత్తగా ఏదీ ఎక్కదు. నీ నవ్వు దాకా రావాలంటే పాటంతా వినాలి. పొద్దున్నుంచి నాలుగుసార్లు విన్నాను.

పాట మాత్రం దరిద్రంగానే ఉంది.

మల్లన్న