ఐదు బళ్ళ పిల్ల

నాన్నగారికి, మీ అమ్మాయి నమస్కారాలు.

ఈ ఉదయం జడ వేసుకుంటుంటే అద్దంలో నా భుజం వెనక కిటికీ కనిపించింది. కిటికీలో ఎదురింటివాళ్ళ డాబా, తీగ మీద ఆరేసిన ఒంటి మేజోడు. గాలి వీచినప్పుడల్లా అది ఒక అడుగు వేయబోయి మానుకున్నట్టు ఊగుతోంది. మీకు రాయాలనిపించింది. ఇంతకన్నా పెద్ద కబురు కూడా ఉంది. దానికి కాస్త ధైర్యం కూడదీసుకోవాలి.

అమ్మా నేనూ బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారని, క్రేన్ ఎక్కేటప్పుడు మోకాలు పేచీ పెట్టడం లేదని అనుకుంటున్నాను. అమ్మ నడుంనొప్పి తగ్గింది. తగ్గలేదని చెబితే బరువులు ఎత్తనివ్వనని తగ్గిందంటోందేమో, నాకు తెలియదు. కుళాయి సంగతి అడిగారు. బాగుచేయించాం. ఇదివరకు కారేది, ఇప్పుడు అసలు రావడమే లేదు. ఇంటి ఓనరమ్మకు చెబితే, "కారడం ఆగిందా లేదా? అది చెప్పు ముందు" అంది.

"ఇన్ని బళ్ళు ఎందుకు మారిందని కాలేజీలో అడిగారా?" అని రాశారు. అడిగారు, నాన్నా. తప్పు మీదేనని ఉత్తరం రాసిస్తానన్నారు, కావాలంటే సైటు బూట్లతోనే వచ్చి చెబుతానన్నారు. రావద్దు. ఇది ఎవరి తప్పూ కాదు. వంతెన ఒకచోట కట్టి ఇంకోచోటికి వెళ్ళడమే మీ పని. నదికి ఈ ఒడ్డున పని జరిగినంతకాలం ఒక బడి, అవతలి ఒడ్డుకు మారితే ఇంకో బడి. ఎక్కడికెళ్ళినా ముందు కాన్వెంటు ఎక్కడుందో మీరే వెతికేవారు. తెల్ల చొక్కా ఎక్కడైనా పనికొస్తుంది, లంగా ఒక్కటే కొత్తది కుట్టించాలి అని అమ్మ సంబరపడేది.

మొదటి కాలేజీలో గుమాస్తా నా టీసీలన్నీ బల్ల మీద పరిచి, "ఇదేంటమ్మా, రమ్మీ ఆడదామా?" అన్నాడు. పక్కనున్నాయన నవ్వలేదు. "ఇలాంటివాళ్ళు నిలవరు, తర్వాతివాళ్ళని పిలు" అన్నాడు. నా ఎదుటే, నేను వినలేనంత దూరంలో ఉన్నట్టు. ఈ సంగతి కిందటి ఉత్తరంలో రాయలేదు. మీరు ఎత్తు మీద పని చేసే మనిషి, మనసు పాడుచేసుకుని పైకెక్కుతారని.

రెండో కాలేజీకి మొన్న వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు ఒక ముసలావిడ. పక్కన చరిత్ర చెప్పే మేడం. కుర్చీ చూపించినా, కాన్వెంటు అలవాటు కదా, ప్రశ్న అడిగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. "ఇలా అయితే సాయంత్రానికి నీకు మోకాళ్ళు అరుగుతాయి, కూర్చో" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"తొమ్మిదో తరగతి ఎక్కడ చదివావు?"

"మూడో వంతెన దగ్గరండి."

వాళ్ళిద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. "వంతెన పైనా, కిందా?" అంది చరిత్ర మేడం.

నాకు పాలపళ్ళు ఊడింది మొదటి వంతెన పునాదులప్పుడు, అమ్మకు కళ్ళజోడు వచ్చింది రెండో వంతెన స్లాబు పడ్డప్పుడు. మనింట్లో కాలాన్ని ఎప్పుడూ అలాగే చెప్పుకున్నాం. ఆ లెక్క మన గడప దాటితే చెల్లదని నాకు అప్పుడే తెలిసింది.

"ప్రపంచ యుద్ధాల గురించి ఏమైనా చెప్పు" అంది మేడం.

"బళ్ళో ఎవరూ చెప్పలేదండి. ఒకచోట ఇంకా మొదలవలేదు. తర్వాతి చోటికి వెళ్ళేసరికి అయిపోయాయి."

"రెండూనా? అదృష్టవంతురాలివి. మరి ఏం చెప్పారు?"

"ఫ్రెంచి విప్లవం మూడుసార్లు చెప్పారండి."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. తర్వాత మార్కులు చూసి, "మరి యుద్ధాల మీద పరీక్షలో ఎలా రాశావు?" అన్నారు. పుస్తకం ముందేసుకుని నేనే చదువుకున్నానని చెప్పాను. ఆవిడ నవ్వు ఆపేశారు.

"చూడమ్మా, నీ చదువు మీద నాకు అనుమానం లేదు. ఇదివరకు ఇలాగే ఊళ్ళు తిరిగిన పిల్లని చేర్చుకున్నాం. బంగారంలాంటి పిల్ల. రెండో ఏడు సగంలో తండ్రికి బదిలీ అయింది, వెళ్ళిపోయింది. ఆ సీటు దొరక్క ఏడుస్తూ వెళ్ళిన అమ్మాయి ముఖం నాకిప్పటికీ గుర్తే. మీ నాన్నగారి తర్వాతి వంతెన ఎప్పుడు?"

దానికి నేనేం చెప్పానో కాస్త ఆగి రాస్తాను.

యార్డులో స్టోరు పని అడుగుతానన్నారు, నాకోసం ఒకచోట ఉండిపోతానన్నారు. అడగకండి, నాన్నా. రోజంతా పైనుండి దిగివచ్చిన మీ ముఖం నాకు తెలుసు. క్రేన్ మరమ్మతులో ఉండి నేల మీద తిరిగిన రోజుల ముఖమూ తెలుసు. ఆ రెండో ముఖం ఎదురుగా పెట్టుకుని నేను చదవలేను.

కానీ నేను అలిసిపోయాను. చదువుకు కాదు, మొదటి రోజులకు. తలుపు దగ్గర నిలబడటం, టీచరు "కొత్తమ్మాయి" అనడం, ఎవరి పక్కన చోటుందా అని అందరూ వెతకడం, ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందో సాయంత్రానికి నాకు తెలియడం. స్నేహం కుదిరేసరికి అమ్మ సామాను కట్టేది. అసలు పూర్తిగా విప్పిందెప్పుడు? వెళ్ళేటప్పుడు కన్నాలు పూడ్చలేక అద్దె గోడలకు మేకు కూడా కొట్టనిచ్చేది కాదు. అద్దం ఎప్పుడూ ట్రంకుపెట్టె మీద గోడకు చేరేసే ఉండేది. మీరు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం గీసుకుంటుంటే చిన్నప్పుడు ప్రార్థన చేస్తున్నారనుకునేదాన్ని.

కొత్త వంతెన దగ్గర క్వార్టర్సు ఇస్తున్నారని, రెండు గదులని, వాటిలో నది కనిపించే కిటికీ నాకని ఎంచి ఉంచానని రాశారు. ఆ వాక్యం దాటి చదవడానికి నాకు చాలాసేపు పట్టింది.

ప్రిన్సిపాల్ గారికి నేను చెప్పింది ఇది: "తర్వాతి వంతెనకు మా నాన్నగారు వెళ్తారండి. నేను వెళ్ళను. చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

"మీ నాన్నగారికి తెలుసా?"

"తెలుసండి."

మీకు తెలియదు. ఆ మాట అనేదాకా నాకూ తెలియదు. మీకు చెప్పాల్సినది ముందు పరాయివాళ్ళకు చెప్పాను, పైగా మీ పేరు మీద అబద్ధమాడాను. ఆవిడ నా ముఖం చూసి, "సరే, సోమవారం నుంచి వచ్చెయ్" అన్నారు. సీటు వచ్చింది, నాన్నా. ఆ మాట మీదే వచ్చింది. ఈ ఉత్తరం మీరు చదివేసరికి అది అబద్ధం కాకుండా పోతుంది. క్షమించమని అడగాలని ఉంది, కానీ మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

సంతోషించాలి కదా. బస్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. ఎక్కే ఓపిక లేకపోయింది.

అమ్మకు నిన్న చెప్పాను. మీ చొక్కాకు గుండీ కుడుతోంది. తలెత్తలేదు.

"ఆయనకేం చెబుతావు?"

"ఉత్తరం రాస్తాను."

"మరి నన్నడిగావా?"

"లేదు."

"అడగవులే. అచ్చం తండ్రి పోలిక. సామాను కట్టు అన్నారు గానీ, వస్తావా అని ఆయన మాత్రం ఎప్పుడడిగారు?"

దారం పంటితో తెంపి, చొక్కా మడతపెట్టి, కిందికి దిగి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. ఆ చొక్కా ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాం. గుండీ రంగు కలవలేదు, దగ్గర్నుంచి చూస్తే తప్ప తెలియదులెండి.

మీ కొత్త వంతెన దగ్గరి ఆ కిటికీ ఎవరికీ ఇచ్చేయకండి. సెలవుల్లో వస్తాను. అక్కడికి రావడం గురించి అమ్మ తన మాట తనే రాస్తుందట. నన్ను రాయొద్దంది. ఒక్కటి మాత్రం రాస్తాను. నిన్న అమ్మ ఓనరమ్మ దగ్గర్నుంచి సుత్తి తెచ్చి, గోడకు మేకు కొట్టి, అద్దం నా ఎత్తుకు తగిలించింది.

ఇట్లు,
మీ అమ్మాయి