గురువారం దాకా

మే 16, శుక్రవారం

అమ్మ వెళ్ళింది. ఎయిర్‌పోర్టులో కూడా ఫ్రిజ్‌లో ఏ డబ్బాలో ఏముందో నాన్నకి మళ్ళీ అప్పజెప్పింది. నన్ను బాగా చదువుకోమనడం మర్చిపోయింది. అంటే చాలా కంగారులో ఉందన్నమాట.

రీగా. లాట్వియా రాజధాని. ఎనిమిది వందల ఏళ్ళ ఊరు. ఇక్కడ మేముంటున్న టార్నీట్ శివారులో మా వీధికి ఎనిమిదేళ్ళు కూడా లేవు.

గురువారం అక్కడి క్లయింట్ ముందు అమ్మ ప్రెజెంటేషన్. పోయినేడాది సిడ్నీలో ఇలాంటిదే చేస్తుంటే మధ్యలో అమ్మకి మాట ఆగిపోయింది. పక్కనున్న కొలీగ్ లేచి మిగతాది పూర్తిచేశాడు. ఇంటికొచ్చాక ఆ ఊసు మమ్మల్ని ఎత్తనివ్వలేదు. ఈసారి తనే అడిగి తీసుకుంది. ఇదీ పోతే ఇంకెవరూ ఇవ్వరని తన భయం.

మే 18, ఆదివారం

అమ్మ వీడియో కాల్. ఓల్డ్ టౌన్‌లో గుండ్రాళ్ళ వీధులు. సూట్‌కేసు చక్రం ఒకటి అక్కడే ఊడిందట. చర్చి గోపురం మీద కోడిపుంజు బొమ్మ. ఒకప్పుడు ఎయిర్‌షిప్‌లు పెట్టుకున్న షెడ్లలో ఇప్పుడు కూరగాయల మార్కెట్. దోసకాయలు దొరికాయని అమ్మ మురిసిపోయింది. హోటల్ కెటిల్‌లో ఉప్మా చేసుకుంటోంది. రాత్రి పదయినా చీకటి పడట్లేదట, నిద్ర పట్టకపోవడానికి అదే కారణమట. నమ్మినట్టు తలూపాను.

పల్దియెస్ అంటే అక్కడి భాషలో థాంక్స్. ఈరోజు నాకు దొరికిన మాట.

మే 19, సోమవారం

పెదనాయనమ్మ పోయింది.

పొద్దున్న నేను యూనివర్సిటీకి బయల్దేరుతుంటే తెనాలి నుంచి నాన్నకి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. నాన్న మళ్ళీ షూస్ విప్పేసి గరాజ్‌లో స్టూలు మీద కూర్చున్నాడు.

పెదనాయనమ్మ అంటే నాన్నకి పెద్దమ్మ, శేషుకుమారి. అమ్మ అత్తయ్యా అంటుంది. నాకు నాలుగేళ్ళు వచ్చేదాకా పెంచింది ఆవిడే. అమ్మ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ వారానికోసారి తెనాలి వచ్చేది. ఇంటిల్లిపాదీ మానేయమంటే, పిల్ల నా దగ్గరుంటుంది, నువ్వు బస్సెక్కు అని అమ్మని పంపించింది ఆవిడొక్కతే.

గురువారం దాకా అమ్మకి చెప్పొద్దని నాన్న అన్నాడు. అదేంటి నాన్నా, అమ్మకి చెప్పకపోవడమేంటి అన్నాను. చెప్తే మాత్రం దహనానికి అందుతుందా, ఉన్న నోరు కూడా పెగలదు అన్నాడు. మా ఇంట్లో ఇది మామూలేనట. దూరాన ఉన్నవాళ్ళకి పని పూర్తయ్యేదాకా చావు కబురు చెప్పరు. మా తాతయ్య, అంటే తన సొంత తండ్రి, పోయిన సంగతి కూడా నాన్నకి డిగ్రీ పరీక్షలు అయ్యాకే చెప్పారట. అది చెప్తున్నప్పుడు నాన్న గొంతులో ఉన్నది కోపమో, ఇంకేదో నాకు తెలియలేదు.

ఇంకో ప్రమాదం ఉంది. 'పెద్దిల్లు' అని మా వాట్సాప్ గ్రూపు. అందులో అమ్మ కూడా ఉంది. పెదనాయనమ్మ కొడుకు విష్ణువర్ధన్ బాబాయి శవం పక్కన కూర్చునే మా అమ్మ లేని కొత్త గ్రూపు తెరిచాడు. కాసేపట్లో అందరూ అందులోకి వచ్చేశారు.

దహనం వీడియోలో చూడటానికి నాన్న కారు తీసుకుని స్టేషన్ కార్‌పార్క్‌కి వెళ్ళాడు. నన్ను రానివ్వలేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే లైబ్రరీలో ఉన్నానని మెసేజ్ పెట్టాను.

మే 20, మంగళవారం

కాల్ ఎత్తక తప్పలేదు. అమ్మ మొదటి ప్రశ్నే, పెద్దిల్లు గ్రూపులో ఎవరూ గుడ్ మార్నింగ్‌లు పెట్టట్లేదేంటే, తెనాలంతా అలిగిందా అని. నవ్వుతూనే అడిగింది. ఏమో, అందరూ బిజీ ఏమో అన్నాను. మా గ్రూపులో బిజీ అయ్యేవాళ్ళు ఎవరున్నారు!

నాన్న ఇండియాకి ఫోన్ చేశాడు. కాసేపటికి పాత గ్రూపులో గులాబీలు కురిశాయి. జన్మలో ఒక్క మెసేజ్ పెట్టనివాళ్ళు కూడా పెట్టారు. నిన్న తల్లికి తలకొరివి పెట్టిన బాబాయి, ఉదయించే సూర్యుడి బొమ్మ పెట్టి హ్యావ్ ఎ బ్యూటిఫుల్ డే అన్నాడు.

అది చూసి బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు.

అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. అత్తయ్య నాకు రోజూ విడిగా మెసేజ్ పెడుతుంది కదా, నిన్నటి నుంచి లేదు, ఒంట్లో బాగుందా అని. ఫోన్ పాడైందట అన్నాడు నాన్న. అబద్ధం చెప్పేటప్పుడు నాన్న చెవి గోక్కుంటాడు. అమ్మకి ఆ సంగతి నాకన్నా ముందే తెలుసు.

మే 21, బుధవారం

ఈ రోజు నేను చేసినది రాయాలంటే భయంగా ఉంది.

పెదనాయనమ్మ ఫోన్ ఇప్పుడు రిషి దగ్గరుంది. బాబాయి కొడుకు. దాంట్లోంచి అమ్మకి ఒక్క మెసేజ్ వెళ్తే గురువారం గడిచిపోతుందని అందరూ అనుకున్నారు. ఎవరు రాయాలి అంటే, భాను ఉందిగా, ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది అని నా పేరు చెప్పాడు రిషి. నాన్న వద్దనలేదు.

రిషి ఆవిడ పాత మెసేజ్‌లు పంపాడు. కామాలు, ఫుల్‌స్టాప్‌లు ఉండవు. ముందు ఎవరి మీదో ఒక ఫిర్యాదు, తర్వాత ఒక ఆజ్ఞ. శ్రద్ధగా చదివాను, అసైన్‌మెంట్‌లాగా. తర్వాత రాశాను.

"సత్యా ఫోను పాడయింది రిషిగాడు రెండ్రోజులు తిప్పి ఇప్పుడు బాగు చేయించాడు పనికిమాలిన వెధవ అక్కడ చలిగా ఉంటే సాక్సులు వేసుకునే పడుకో"

అచ్చం నాయనమ్మే, వణుకు పుడుతోంది అన్నాడు రిషి. నాకు గర్వంగా అనిపించింది. అదే నిజం.

అమ్మ వెంటనే జవాబిచ్చింది. అంత పెద్ద మెసేజ్ ఇస్తుందని ఎవరం అనుకోలేదు. రిషి నాకు పంపాడు.

"అత్తయ్యా, మీ మెసేజ్ చూశాక ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను. నిన్న ఇక్కడ రిహార్సల్‌లో మళ్ళీ మాట ఆగిపోయింది. టాయిలెట్‌లో కూర్చుని ఏడ్చాను. రేపు కూడా అంతేనేమో. ఒంట్లో బాగోలేదని చెప్పి మానేయనా?"

నాన్నకి చూపించాను. ఇప్పుడే నిజం చెప్పేద్దాం నాన్నా అన్నాను. ఇప్పుడెలా చెప్తామే అన్నాడు. రిషి, బ్లూ టిక్స్ పడిపోయాయి, సత్య పెద్దమ్మ ఆన్‌లైన్‌లోనే ఉంది, త్వరగా త్వరగా అని మెసేజ్ మీద మెసేజ్.

రాశాను.

"మానేస్తే ఇంటికొచ్చాక నీ మొహం నువ్వే చూసుకోలేవు మాట ఆగితే ఆగనీ గ్లాసుడు నీళ్ళు తాగు వాళ్ళేం పారిపోరు తెలిసినదానివి నువ్వు వినాల్సింది వాళ్ళు"

రాస్తున్నంతసేపూ ఆవిడ పోయిందన్న సంగతే గుర్తులేదు. సోమవారం నుంచి నాకు ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. నాలో ఏదో తేడా ఉందేమో.

"సరే అత్తయ్యా" అని అమ్మ జవాబు.

మే 22, గురువారం

సాయంత్రం 5. అక్కడ పొద్దున్న పది. మొదలై ఉంటుంది.

5.40. నాన్న గిన్నెలు కడుగుతున్నాడు. డిష్‌వాషర్ ఉండగా.

6.30. ఏమీ లేదు.

7.15. అమ్మ కాల్ చేసింది. మొహం వెలిగిపోతోంది. వెనక నది, వంతెన. మధ్యలో నిజంగానే మాట ఆగిందట. ఆగి, నీళ్ళు తాగిందట, మొత్తం గ్లాసు. గదిలో అందరూ అలాగే చూస్తూ కూర్చున్నారట, ఎవరూ పారిపోలేదట! తర్వాత చివరిదాకా తనే చెప్పిందట. ప్రాజెక్టు తనకే ఇస్తామన్నారు. ముందు మీకే చేశాను, ఇప్పుడు అత్తయ్యకి చేస్తాను, ఆవిడ వల్లే ఇదంతా అంది.

సత్యా ఆగు అన్నాడు నాన్న. చెప్పాడు.

అమ్మ వెనక నుంచి ఒక ట్రామ్ వెళ్ళింది. ఎప్పుడు అని అడిగింది. సోమవారం అన్నాడు నాన్న.

మరి నిన్న నాతో మాట్లాడింది ఎవరు అంది.

నాన్న నా వైపు చూశాడు. అమ్మ కూడా చూసింది. అమ్మా అనబోయాను. కాల్ కట్ అయింది.

మే 23, శుక్రవారం

అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. నాన్నదీ. నాదీ.

మే 24, శనివారం

ఇస్తాంబుల్ ఎయిర్‌పోర్టు నుంచి అమ్మ మెసేజ్. రెండు రోజుల్లో మొదటిది. తిట్లకి సిద్ధపడి తెరిచాను. నిద్ర పట్టట్లేదట. పెదనాయనమ్మలాగా ఇంకొక్కటి రాసి పంపమంది.

రాస్తున్నాను, చెరుపుతున్నాను. అమ్మ ఫోన్‌లో నా పేరు కింద టైపింగ్ అని ఇంకా కనిపిస్తూనే ఉండి ఉంటుంది.