రాత్రిపూట పేరెత్తని పిట్ట

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదువురాని నీకు ఈ ఉత్తరం రాస్తున్నది నీ తమ్ముడి మీద విసుగుతోనే.

కురబలకోట అడవిలో రాత్రిపూట కూసే పిట్టల కూతలు, పేర్లు రాసుకురమ్మన్నారు మా టీచరమ్మ. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. నువ్వు గొర్రెల మందను పిలవడానికి ఏ పిట్టలా కూసేవాడివో, ఆ పిట్ట. మూడు రాత్రులు చిన్నాయనతో మంద దగ్గర కూర్చున్నాను. అది కూసినప్పుడల్లా పేరడిగితే, "రేత్రిపూట దాని పేరెత్తకూడదమ్మా, తెల్లారినాక చెప్తా" అంటాడు.

తెల్లవారాక నోటుబుక్కులోని కూత చదివి వినిపిస్తే, "ఇదేం కూత? బడిపిల్లోళ్ళు ఎక్కాలు చెప్పినట్టుండాది" అని నవ్వుతాడే తప్ప పేరు చెప్పడు.

ఈరోజు పొద్దున ఓపిక నశించి, సిగ్గు విడిచి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నీలాగే కూశాను.

గొర్రెలన్నీ తలలెత్తాయి. మేత వదిలేసి నా చుట్టూ చేరాయి.

చిన్నాయన నవ్వు ఆగిపోయింది. అటు తిరిగి తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"ఇప్పుడైనా పేరు చెప్పు చిన్నాయనా."

"రేపు చెప్తా పోమ్మా. ఏడాదైంది, నేను పిలిస్తే ఇవి ఒక్కనాడూ ఇట్ల రాలేదు."

నోటుబుక్కులో ఆ పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వైనా ఒక పగటిపూట చెప్పి ఉండకూడదా, నాయనా?

నీ కూతురు