దయ్యం హీరో నవల ఫ్రిజ్ మీద పెట్టిన

హిమజా, నల్లా రాంగనే డ్రమ్ము నింపు. చర్లపల్లిలో నైట్ డ్యూటీ దిగి మీ అన్న వచ్చి పండుకుంటడు, టీవీ పెట్టకు. లేచినంక పప్పు వేడి చేసి పెట్టు.

నువ్వు అద్దెకు తెచ్చిన నవల చదివేసిన, షాపుల ఇచ్చెయ్యి. పర్వాలేదు, గంతే. నువ్వు చెప్పినట్టు ఏడుపైతే రాలేదు, రెండుసార్లు నిద్రొచ్చింది. దయ్యం హీరో చీకటి పడ్డంక వస్తడు, తెల్లారితే మాయమైతడు. అందుకు వాణ్ని ప్రేమించిన పిల్ల పుస్తకమంతా ఏడుస్తది. మీ అన్న ఇంటికొచ్చే యాళ్లకు నేను డ్యూటీకి పోయే మల్లాపూర్ బస్సుల ఉంట. ఆ దయ్యం నయం, రాత్రంతా ఆమె పక్కన కూసొని ముచ్చట పెట్టిండు.

మీ వదిన

ఈ చీటీ మీ అన్నకు చూపించకు. సరే, అన్నం తిన్నంక చూపించు.